నాలుగంగుళాల గౌరవం

మావారిలో ఒక పెద్ద లోపం ఉంది. పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకోసారి ఆలోచించుకునేదాన్ని. ఆయన తప్పు చేస్తే ఒప్పేసుకుంటారు!

పాలు పొంగిపోతే "నేనే చూసుకోలేదు" అంటారు. గొడుగు పోతే "నేనే ఎక్కడో మర్చిపోయాను" అంటారు. నేను కొంగు బిగించి, గొంతు సవరించుకుని, పెళ్ళైన దగ్గర్నుంచీ ఉన్న సంగతులన్నీ వరసగా పేర్చుకుని సిద్ధంగా నిలబడితే, ఆ ఒక్క ముక్కా అనేసి పేపర్లో తల దూర్చేస్తారు. ఇక నేను ఎవరితో పోట్లాడను? కుక్కర్‌తోనా?

అదృష్టం కొద్దీ, ఆయన పనిచేసే కంపెనీ ఆయన్ని బాగుచేసింది. నాలుగేళ్ళలో మనిషి ఎంత మారారంటే, మొన్న టీలో పంచదారకి బదులు ఉప్పు వేసి నా చేతికిచ్చి, మొహం చిట్లిస్తే "ఇది కావాలనే. అలవాటైతే బాగుంటుంది" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. సగం ఉప్పు వల్ల, సగం గర్వం వల్ల.

అందుకే ఈ రోజు మీ అందరికీ ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. తప్పు ఒప్పుకోకపోవడం సంస్థలకి పట్టిన జబ్బు అని చాలామంది అంటూ ఉంటారు. కాదు! అది వాటి ఆరోగ్యం! ఒక సంస్థ లేచి "ఇక్కడ మేం పొరపాటు పడ్డాం" అన్న రోజున దాని గోడలు నిలుస్తాయా? ఆ గోడల్ని నిలబెడుతున్నవి ఇటుకలనుకుంటున్నారా మీరు?

నమ్మకపోతే మావారి కంపెనీ సంగతి వినండి.

వాళ్ళు బల్లలు, కుర్చీలు తయారుచేస్తారు. నాలుగేళ్ళ క్రితం ఒక రోజు బాస్ మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా భోజనాల బల్ల మీద మోచేతులు ఆనించి, కళ్ళు మూసుకుని, "ఆహా! బల్లంటే ఇదయ్యా! దీని ఎత్తెంతో కొలిచి రేపు పట్టుకురా. ఇకనుంచి మన బల్లలన్నీ ఇదే ఎత్తు!" అన్నారు. మర్నాడు పొద్దున్నే మావారు వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, శ్రద్ధగా కొలిచి, 'ముప్ఫై నాలుగు అంగుళాలు' అని కాగితం మీద రాసుకుని వెళ్ళారు.

నెల తిరిగేసరికి మొదటి బల్ల తయారైంది. మావారు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బల్ల చంకల దాకా వచ్చింది! కంప్యూటర్ మీద టైపు చేయబోతే ఈత కొడుతున్నట్టు ఉందట. మా ఇంటి బల్ల అలా లేదే, ఎక్కడో కొలత తప్పిందని ఆయనకి వెంటనే అర్థమైపోయింది. అప్పటికింకా ఆ పాత లోపం ఉంది కదా, "నేనే తప్పు కొలిచాను" అని చెప్పేద్దామని బాస్ గదికి పరుగెత్తారు.

గదిలో అప్పటికే కొత్త బల్ల ఒకటి వేసేశారు. దాని చుట్టూ తొమ్మిది మంది పెద్ద ఉద్యోగులు భుజాలు చెవుల దాకా ఎత్తుకుని కూర్చున్నారు.

"రావయ్యా రా! ఎంత హుందాగా ఉందో చూడు! దీని ముందు ఎంతటివాడు కూర్చున్నా వినయంగా కనిపిస్తాడు" అన్నారు బాస్.

"సార్, ఆ కొలతలో..." అన్నారు మావారు.

"అదే చెప్తున్నా, ఆ కొలతలోనే ఉందంతా!" అంటూ బాస్ చప్పట్లు కొట్టారు. తొమ్మిది మందీ కొట్టారు. చేతులు ఎలాగూ పైనే ఉన్నాయి, పెద్ద కష్టం కాలేదు. ఎవరో కుర్చీ జరిపారు. మావారు కూర్చున్నారు.

ఆ కూర్చోవడమే ఆయన ఉద్యోగ జీవితంలో అసలైన చేరిక.

మీరొకటి గమనించాలి. ఆయన్ని ఎవరూ బెదిరించలేదు. నోరు మూసుకోమని ఎవరూ అనలేదు. ఏ కాగితం మీదా ఏ రూలూ లేదు. ఊరికే అందరూ తలూపారు, అంతే! రాసిన రూలుని తప్పించుకోవడానికి సవాలక్ష దారులుంటాయి. రాయని రూలుని ఎక్కడ పట్టుకుంటారు, ఎలా తప్పించుకుంటారు?

వర్క్‌షాపులో వడ్రంగి మేస్త్రీ ఒక్కడే అడిగాడు. "బాబూ, కుర్చీ కింద ఉంది, బల్ల పైన ఉంది. మధ్యలో మనిషేం కావాలి?"

"అది పై నిర్ణయం మేస్త్రీ" అన్నారు మావారు.

"ఆఁ, అదీ పైనే ఉందా?" అని మేస్త్రీ చెవి మీద పెన్సిల్ సర్దుకుని పనిలో పడ్డాడు.

ఇక చూడండి, ఒక్క తప్పు ఒప్పుకోకపోతే ఎంత అభివృద్ధి జరుగుతుందో!

బల్ల ఎత్తుగా ఉంది కాబట్టి కుర్చీలు నాలుగంగుళాలు పెంచారు. కుర్చీలు పెరిగేసరికి కాళ్ళు గాల్లో వేలాడాయి. మీటింగుల్లో తలపండిన మేనేజర్లు కాళ్ళూపుకుంటూ కూర్చున్నారు. చూడ్డానికి బాగాలేదని కాళ్ళ కింద వేసుకునే పీటల కోసం ఒక కొత్త విభాగం పెట్టారు. అందులో ఆరుగురు, వాళ్ళ మీద ఒక మేనేజరు, ఆయన లేనప్పుడు పీటల గురించి ఆలోచించడానికి ఒక డిప్యూటీ. అందరూ ఆ పీటలు తట్టుకుని పడటం మొదలుపెట్టాక 'కింద చూసి నడవండి' అని బోర్డులు పెట్టారు. ఆ బోర్డులు మామూలు కంటే నాలుగంగుళాలు పైన కొట్టారు, కాబట్టి అవి చదవాలంటే పైకి చూసి నడవాలి.

ఎనిమిది కుటుంబాలకి అన్నం పెట్టింది ఏమిటి? తప్పు! ఒప్పే అయ్యుంటే వాళ్ళేమైపోయేవాళ్ళు?

ఒకసారి కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, మొదటి రోజే, అందరిముందూ "ఈ బల్ల ఎందుకండీ ఇంత ఎత్తు?" అని అడిగేసిందట. టైపు చేస్తున్న చేతులన్నీ ఆగిపోయాయట! ప్రింటర్ కూడా ఆగిపోయిందట! ఎవరూ ఆ పిల్లని కసురుకోలేదు. పక్కసీటావిడ ప్రేమగా "టీ తాగుతావా అమ్మా?" అంది. అంతే. రెండు వారాల తర్వాత చూస్తే, ఆ అమ్మాయే ఇంకో కొత్త కుర్రాడికి మోచేతులు ఎక్కడ పెట్టాలో నేర్పుతోంది! చూశారా, ఒక కప్పు టీతో మనిషిని సంస్థ చేసేయొచ్చు. కాలేజీలో మూడేళ్ళు నేను సోషియాలజీ చదివాను గానీ ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

పోటీ కంపెనీ వాళ్ళు ఊరుకుంటారా? కొనేవాళ్ళలా నటిస్తూ వచ్చి, జేబురుమాలు పడేసుకుని, తీసుకునే వంకతో జానలు వేసి కొలుచుకుని వెళ్ళారు. "వాళ్ళు ఊరికే పెట్టరు. వెనకాల పెద్ద రీసెర్చ్ ఉండుంటుంది" అని వాళ్ళూ పెంచారు. ఇంకో కంపెనీ అత్యుత్సాహంతో ఐదంగుళాలు పెంచింది. దాన్ని మాత్రం అందరూ ఛీ అన్నారు. దేనికైనా ఒక హద్దుండాలి కదా!

ఇప్పుడు ఊళ్ళో ఏ ఆఫీసుకి వెళ్ళినా ఆ బల్లలే, కుర్చీలు మాత్రం పాతవే. బల్ల వెనక గుమాస్తా భుజాలు చెవులకి ఆనించి ఉంటాడు. మనమేమడిగినా "నాకేం తెలుసు" అన్నట్టే కనిపిస్తాడు. పాపం, ఆయన్ని తిట్టుకోకండి. ఆయనకి తెలుసేమో! భుజాలు దించే వీల్లేదు, అంతే.

మా ఇంటికి కూడా కంపెనీ ఒక బల్ల బహుమతిగా పంపింది. మా పాత బల్లని మా ఆడపడుచు సంతోషంగా పట్టుకెళ్ళింది. మా అత్తగారు కొత్త బల్ల ముందు కూర్చుని, "ఏమేవ్, నేను పళ్ళేన్ని చూట్టం లేదే. పళ్ళెమే నన్ను చూస్తోంది" అన్నారు. కానీ ఎవరైనా చుట్టపుచూపుగా వస్తే మాత్రం "మావాడి డిజైనే! ఊరంతా ఇదే వాడుతున్నారు" అంటారు, గడ్డం కాస్త పైకెత్తి. ఆ బల్ల దగ్గర గడ్డం ఎత్తకపోతే ఎలాగూ కుదరదు.

ఇంత హాయిగా సాగిపోతున్న కథలోకి మా పాప వచ్చింది.

పాపకి ఏడేళ్ళు. రెండో తరగతి. వాళ్ళ స్కూలు పిల్లల బల్లలన్నీ మార్చాలనుకుంది. మావారి కంపెనీకే ఆర్డరు! ముందు నమూనాకి నలభై బల్లలు పాప క్లాసులో వేసి, నెల రోజులు చూసి, నచ్చితే మిగతా ఆరువందలకీ సంతకం పెడతారు. కుర్చీలు ఆ తర్వాత వస్తాయి. పిల్లల బల్లకి ఎంత ఎత్తుండాలో కంపెనీలో చూసుకున్నారు. చూసుకుని, ఆనవాయితీ ప్రకారం దానికి నాలుగంగుళాలు కలిపారు.

మూడో రోజునే టీచర్ దగ్గర్నుంచి చీటీ. 'మీ అమ్మాయి క్లాసులో నిలబడుతోంది. గమనించగలరు.'

"ఎందుకే నిలబడుతున్నావు?" అన్నాను.

"కూర్చుంటే బోర్డు కనపడట్లేదమ్మా."

"మిగతా పిల్లలో?"

"వాళ్ళకీ కనపడదు. కానీ వాళ్ళు కూర్చుంటారు."

నేను తల్లిగా నా బాధ్యత నెరవేర్చాను. "నువ్వూ వాళ్ళలాగే కూర్చో" అని బుద్ధి చెప్పాను. అది నా కొంగు పట్టుకుని, "మరి బల్ల పొడుగైతే తిట్టాల్సింది బల్లనా, నన్నా?" అంది.

"దొరికినవాళ్ళని తిడతారు తల్లీ. బల్లకి వినపడదుగా!" అన్నారు మా అత్తగారు.

వారానికి రెండో చీటీ. ఇంకో వారానికి మూడోది. దాని అడుగున ఎర్ర అక్షరాలతో ఉంది: నాలుగో చీటీ వస్తే అమ్మాయిని ఇంకో సెక్షన్‌కి మారుస్తాం. ఇంకో సెక్షన్ అంటే ఇంకో గది, ఇంకో మెట్ల వరస. ముఖ్యంగా, పాప పక్కన కూర్చునే దాని ప్రాణస్నేహితురాలు అక్కడ ఉండదు. ఎల్‌కేజీ నుంచీ ఇద్దరిదీ ఒకే రబ్బరు. దాన్ని మధ్యకి విరగ్గొట్టి చెరో ముక్కా పంచుకోవాలని అనుకున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు పాప ఏడవలేదు. గోరు కొరుక్కుంటూ చెప్పింది.

చీటీ చదివి మావారు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. పాపని రమ్మని, కొత్త బల్ల ముందు కూర్చోబెట్టారు. పైనుంచి కనుబొమ్మల దాకానే కనిపించింది. చాలాసేపు ఆ కనుబొమ్మల్ని చూస్తూ కూర్చున్నారు. నాకు భయమేసింది. నాలుగేళ్ళ చికిత్స ఒక్క సాయంత్రంలో గంగలో కలిసిపోయేలా ఉందే!

శుక్రవారం స్కూలు హాల్లో సంతకాల సభ. వేదిక మీద ఒక నమూనా బల్ల, దాని వెనక హెడ్ మేడమ్, పక్కన బాస్, ఓ పక్కగా మావారు. బల్ల కాలు ఏదైనా ఊగితే సర్దడానికి రంపం సంచీతో మేస్త్రీ. కింద మేమూ, అంటే తల్లిదండ్రులం, మా అత్తగారు, రెండో తరగతి పిల్లలు. బాస్ బల్ల గొప్పతనం గురించి పావుగంట మాట్లాడారు. మేడమ్ కాగితం ముందుకి లాక్కుని కలం మూత తీశారు.

మావారు లేచి నిలబడ్డారు.

"ఒక్క నిమిషమండీ. ఈ బల్లలు నాలుగంగుళాలు ఎక్కువున్నాయి. ఇవే కాదు, నాలుగేళ్ళుగా అన్నీ అంతే. మొదట కొలిచింది నేను. తప్పు నాది."

హాల్లో ఎవరిదో కుర్చీ కిర్రుమంది.

బాస్ పకపకా నవ్వారు. "మావాడికి వినయం ఎక్కువండీ! మేడమ్, మీరు కానివ్వండి."

"కాదు సార్, చూపిస్తాను" అని మావారు జేబులోంచి టేపు తీశారు. ఇంట్లో సొరుగులోంచి తెచ్చినది, కుట్టుపనికి వాడే గుడ్డ టేపు. ఆ రోజు మా ఇంటి బల్లని కొలిచినదీ దానితోనేనట. దాన్ని బల్ల కాలు పక్కన వేలాడదీశారు. మేడమ్ అలవాటుగా కళ్ళజోడు సర్దుకుని, వంగి, కింది కొస పట్టుకున్నారు.

"ఇదేంటండీ, ఐదుతో మొదలవుతోంది?"

మావారు వంగి చూశారు. బాస్ చూశారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు లేవు. ఆ అంకెలున్న ముక్కే లేదు! ఆ రోజు మావారు పైన అంకె చూస్తుంటే, కింది కొసని మా అత్తగారు కాలి బొటనవేలితో తొక్కిపట్టారు. కాబట్టి ఎవరూ చూడలేదు.

బాస్ మొహం వెలిగిపోయింది. "చూశారా! మావాడి తప్పు కాదు, కంపెనీ తప్పు అసలే కాదు. ఎలుకలు! ఎలుకలు కొరికేశాయి!"

"ఎలుకలే, ఎలుకలే" అన్నారు వెనక కూర్చున్న కంపెనీ వాళ్ళు. ముందువరస తల్లిదండ్రులు కూడా తలూపారు. ఏం చేస్తారు, పక్కవాళ్ళు ఊపుతున్నారు!

"మా ఇంట్లో ఎలుకలా?" మా అత్తగారు లేచారు. "ఏం మాటలండీ అవి? నేను రోజుకి రెండుసార్లు ఊడుస్తాను. ఎలుకొస్తే జారిపడాలి మా ఇంట్లో!"

మేస్త్రీ వచ్చి టేపు కొసని వేలితో తడిమాడు. "ఎలుక ఇంత తిన్నగా కొరకదు బాబూ. ఇది కత్తెర."

"ఇప్పటి ఎలుకల సంగతి నీకేం తెలుసయ్యా!" అన్నారు బాస్.

మేడమ్ నిదానంగా ఫైల్లోంచి ఇంకో కాగితం తీశారు. "చూడండి, మా స్కూల్లో ఆర్డరు మార్చాలంటే ఈ ఫారం నింపాలి. ఇదిగో, 'పొరపాటుకు బాధ్యులు' అని ఒక గడి ఉంది. అందులో ఎలుక అని రాయలేను. ఎవరో ఒకరు సంతకం పెడితే, బల్లల కాళ్ళు ఇప్పుడే కోయించేయొచ్చు. మేస్త్రీగారు ఎలాగూ ఉన్నారు."

"నేను పెడతానండీ" అన్నారు మావారు.

"నువ్వు కూర్చో!" బాస్ ఆయన చెయ్యి పట్టుకున్నారు. "మేడమ్, కంపెనీ మనిషి పెడితే అది కంపెనీ తప్పైపోతుంది. మాకు ఆ ఆనవాయితీ లేదు."

"అయితే ఉన్నవి ఉన్నట్టే తీసుకుంటాం. గడి ఖాళీగా ఉంచే ఆనవాయితీ మాకూ లేదు" అని మేడమ్ మళ్ళీ మొదటి కాగితం మీదికి కలం వంచారు.

రెండు సంస్థలు, రెండు ఆనవాయితీలు. ఎక్కడా ఎవరూ చెడ్డవాళ్ళు కారు. పిల్లల వరసలో మా పాప మాత్రం నిలబడి ఉంది. టీచర్ దాన్ని చూసి, పర్సు తెరిచి, చీటీల పుస్తకం బయటికి తీస్తోంది.

మా వంటింట్లో ఒక మసిగుడ్డ ఉంది. మేకుకి తగిలించుకోవడానికి దానికో నాడా కుట్టి ఉంటుంది. ఆ నాడా పసుపుపచ్చగా ఉంటుంది. దాని మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలుంటాయి. నాలుగేళ్ళకి పైగా మా ఇంట్లో నలుగురం దాంతో చేతులు తుడుచుకున్నాం. ఏ ఒక్కరూ ఇదేమిటని అడగలేదు.

కొత్త బల్ల ఇంటికొచ్చిన రోజే, దాని ముందు కూర్చోగానే, నాకు విషయం అర్థమైపోయింది. చెబుదామనే అనుకున్నాను. కానీ అప్పటికే పీటల విభాగం మొదలైపోయింది. పాపం ఎనిమిది కుటుంబాలు. పైగా, మావారు పాలు పొంగించినప్పుడల్లా తప్పు పట్టే మనిషిని కదా, నా మాటకి మళ్ళీ ఇంట్లో విలువేముంటుంది?

ఇంతసేపూ నేనెవరి తరఫున వాదించానో ఇప్పుడు మీకు తెలిసిపోయి ఉంటుంది.

మేడమ్ కలం కాగితాన్ని తాకింది. నేను లేచాను. గొంతు నేననుకున్న దానికంటే చాలా పెద్దగా వచ్చింది.

"ఎలుకలు కాదండీ! ఆ ఫారం ఇలా ఇవ్వండి. నేను కంపెనీ మనిషిని కాను, స్కూలు మనిషినీ కాను, నాకే ఆనవాయితీ అడ్డం రాదు. మసిగుడ్డకి నాడా కావాలని ఆ టేపు కత్తిరించింది నేనే. తెలిసీ ఇన్నాళ్ళూ నోరెత్తనిదీ నేనే. తప్పు నాది!"